తాళం ఎవరి చేతిలో? మిడి క్లాక్, రికార్డింగ్, కాలప్రమాణం

కంప్యూటర్లో ఒక రికార్డింగ్ సాఫ్ట్‌వేర్, బల్ల మీద ఒక డ్రమ్ మెషీన్. రెండింటిలోనూ వేగం నిమిషానికి 75 అని ఒకే అంకె కనిపిస్తూంటుంది. రెండింటి మీటలూ ఒకేసారి నొక్కితే మొదటి ఆవర్తనాలు కలిసే నడుస్తాయి. కొంతసేపటికి, కలిసి పడవలసిన దెబ్బ రెండుగా చీలి వినపడటం మొదలవుతుంది. సరేనని మిడి కేబుల్ తగిలిస్తే ఆ జారుడు ఆగుతుంది కాని, కొత్త చిక్కులు తలెత్తుతాయి. పాటను మధ్యనుంచి మొదలుపెడితే డ్రమ్ మెషీన్ మాత్రం మొదటినుంచి వాయిస్తుంది. ప్రతి దెబ్బా కాస్త ఆలస్యంగా రికార్డవుతుంది. ఖండనడకలో ఏదైనా వాయించబోతే దెబ్బలు ఎగుడుదిగుడుగా పడతాయి.

ఉద్యోగాలు చేసుకుంటూ, ఇంట్లో ఒక గదిని చిన్న స్టూడియోగా మార్చుకుని సంగీతాన్ని సాగిస్తున్న ప్రవాసాంధ్రులకు ఈ అనుభవాలు కొత్తవి కావు. అయితే వీటన్నిటినీ ‘సింక్ కుదరలేదు’ అనే ఒకే మాటతో చెప్పుకోవడం వల్ల, ఒక జబ్బుకు మరొక జబ్బు మందు వాడటం జరుగుతూంటుంది. నిజానికి ఆ ఒక్క మాట కింద మూడు వేరువేరు ప్రశ్నలున్నాయి. ఎంత వేగంతో నడవాలి? ప్రస్తుతం పాటలో ఎక్కడ ఉన్నాం? ఒక సెకండు అంటే ఎంత అన్న విషయంలో రెండు యంత్రాలకూ ఏకాభిప్రాయం ఉందా? మొదటి రెండింటికీ మిడి తనదైన పద్ధతిలో జవాబు చెప్తుంది. మూడవదానికి మిడి దగ్గర జవాబు లేదు. ఈ మూడూ తేలాక, కర్ణాటక సంగీతం రికార్డు చేసేవారికి నాలుగవ ప్రశ్న ఒకటి మిగులుతుంది: ఇందరిలో తాళం వేయవలసినది ఎవరు? ఈ వ్యాసం ఆ నాలుగు ప్రశ్నలనూ వరసగా పరిశీలిస్తుంది.

తీగలో ప్రయాణించేది ఏమిటి?

1980 నాటికి ఎలక్ట్రానిక్ వాద్యాల తయారీదార్లకు ఒక్కొక్కరికీ ఒక్కొక్క పద్ధతి ఉండేది. రోలండ్ సంస్థ 1980లో విడుదల చేసిన టీఆర్-808 డ్రమ్ మెషీన్ ఒక బీటుకు 24 విద్యుత్ స్పందనలు పంపేది. కోర్గ్ వారి యంత్రాలు 48 పంపేవి. ఒకదాన్ని ఇంకొకదానికి నేరుగా తగిలిస్తే రెండవది సగం వేగంతోనో రెట్టింపు వేగంతోనో పరుగెత్తేది. అమెరికాలో సీక్వెన్షియల్ సర్క్యూట్స్ అధిపతి డేవ్ స్మిత్, ఆయన సహచరుడు చెట్ వుడ్ 1981లో ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ సమావేశంలో అన్ని వాద్యాలకూ పనికివచ్చే ఒక ఉమ్మడి పద్ధతిని ప్రతిపాదించారు. రోలండ్ వ్యవస్థాపకుడు ఇకుతారో కకెహాషీ, మరికొన్ని జపాన్ సంస్థలు చేయి కలిపాయి. 1983 జనవరిలో కాలిఫోర్నియాలో జరిగిన నామ్ ప్రదర్శనలో, సీక్వెన్షియల్ వారి ప్రాఫెట్-600నూ రోలండ్ వారి జూపిటర్-6నూ ఒక కేబుల్‌తో కలిపి, ఒకదానిపై వాయిస్తే రెండవది పలికేట్లు చేసి చూపించారు. పోటీ సంస్థల వాద్యాలు ఒకే భాష మాట్లాడిన సందర్భమది. ఈ కృషికి స్మిత్, కకెహాషీలకు 2013లో సాంకేతిక గ్రామీ పురస్కారం లభించింది.

మిడి కేబుల్లో శబ్దం ప్రవహించదు. ఫలానా మీట నొక్కారు, ఇంత బలంతో నొక్కారు, ఇప్పుడు వదిలారు అన్న సమాచారం మాత్రమే వెళ్తుంది. స్వరలిపి తనంతట తాను పాడదు, పాడేవారికి ఏం పాడాలో చెప్తుంది. మిడి చేసే పనీ అటువంటిదే. అయితే రెండింటికీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. స్వరలిపిలో తాళాంగాలను వేరుచేసే గీతలుంటాయి. ఏ స్వరం ఏ అక్షరం మీద పడాలో చూస్తే తెలుస్తుంది. కేబుల్లో వచ్చే మిడి సందేశం మీద కాలముద్ర ఏదీ ఉండదు. అది చేరిన క్షణమే దాని కాలం. ‘ఎప్పుడు?’ అనే ప్రశ్నకు దానికి తెలిసిన సమాధానం ‘ఇప్పుడు’ ఒక్కటే. కంప్యూటర్లో దాచుకునే మిడి ఫైళ్ళలో ఒక ఘటనకూ మరొక ఘటనకూ మధ్య వ్యవధి రాసి ఉంటుందన్నది నిజమే కాని, అవి కేబుల్లోకి దిగగానే ఆ రాత పోతుంది.

ఈ ‘ఇప్పుడు’ ఎంత కచ్చితమైనదో కూడా చూద్దాం. మిడి వేగం సెకండుకు 31,250 బిట్లు. 10 లక్షల హెర్ట్జ్ గడియారాన్ని 32తో భాగిస్తే వచ్చే అంకె ఇది; ఆనాటి చవక మైక్రోప్రాసెసర్లకు అనువుగా ఉండేది. ఒక బైటును పంపడానికి ముందొకటి వెనకొకటి కలుపుకుని పది బిట్లు పడతాయి కనక, బైటుకు 320 మైక్రోసెకండ్ల కాలం కావాలి. ఒక స్వరాన్ని పలికించే సందేశానికి మూడు బైట్లు, అంటే సుమారు ఒక మిల్లీసెకండు. పది స్వరాలను ఒకేసారి పలికించమని ఒక కేబుల్లో పంపితే, మొదటిదానికీ పదవదానికీ మధ్య దాదాపు తొమ్మిది మిల్లీసెకండ్ల ఎడం వస్తుంది. కేబుల్లో అందరూ ఒకరి వెనక ఒకరు నడవాల్సిందే.

లయ: మిడి క్లాక్

మన తాళశాస్త్రంలో లయ అంటే రెండు క్రియల మధ్య ఉండే వ్యవధి. మిడి క్లాక్ చెప్పేది సరిగ్గా అంతే. ముందు నడిచే యంత్రం, ఒక్కొక్క బీటుకు 24 సార్లు చొప్పున, ఒకే ఒక్క బైటున్న చిన్న సందేశాన్ని పంపుతూ ఉంటుంది. ఆ సందేశంలో వేగం ఎంతన్న అంకె ఉండదు, ఎన్నో స్పందన అన్న లెక్క కూడా ఉండదు. ఒక స్పందనకూ మరొక స్పందనకూ మధ్య గడిచిన కాలాన్ని బట్టి, వెంట నడిచే యంత్రం వేగాన్ని ఊహించుకోవాలి. నిమిషానికి 120 బీట్ల వేగంలో ఆ వ్యవధి 20.83 మిల్లీసెకండ్లు, 75 బీట్ల వేగంలో 33.33 మిల్లీసెకండ్లు. లఘువనీ ద్రుతమనీ భేదం లేకుండా, వేళ్ళు లెక్కపెట్టకుండా, చేత్తో ఊరికే దెబ్బలు వేస్తూ కూర్చున్న మనిషిని ఊహించుకుంటే మిడి క్లాక్ అర్థమైనట్టే.

ఆ మనిషికి తోడుగా మరో మూడు సందేశాలున్నాయి: మొదలుపెట్టు, ఆపు, కొనసాగించు. ‘మొదలుపెట్టు’ అంటే ఎప్పుడూ పాట మొదటినుంచే. ఆ సందేశం వచ్చాక పడే మొదటి స్పందన సమం అవుతుంది. పాట మధ్యనుంచి మొదలుపెట్టాలంటే మరొకటి కావాలి. దాని పేరు సాంగ్ పొజిషన్ పాయింటర్. పాట మొదలునుంచి ఎన్ని పావు బీట్లు గడిచాయో అది చెప్తుంది. ఆరు స్పందనలకు ఒక పావు బీటు. 0నుంచి 16,383 దాకా లెక్కపెట్టగలదు. అంటే ఎనిమిది అక్షరాల ఆదితాళంలో 512 ఆవర్తనాలకు సరిపోతుంది. పాయింటర్ స్థానం చెప్పిన తరవాత ‘కొనసాగించు’ అన్న సందేశం వస్తే, వెంట నడిచే యంత్రం అక్కడినుంచి అందుకుంటుంది.

వ్యాసం మొదట్లో చెప్పిన ఒక చిక్కుకు సమాధానం ఇక్కడ దొరుకుతుంది. పాటను మధ్యనుంచి వినిపిస్తే డ్రమ్ మెషీన్ మొదటికి పోతోందంటే, సాఫ్ట్‌వేర్ పాయింటర్‌ను పంపడం లేదన్నమాట, లేదా ఆ డ్రమ్ మెషీన్‌కు పాయింటర్‌ను అర్థం చేసుకోవడం రాదన్నమాట. మొదటిదైతే సాఫ్ట్‌వేర్ అమరికల్లో మార్చుకోవచ్చు. రెండవదైతే ఏ కేబుల్ మార్చినా ఫలితం ఉండదు; ప్రతిసారీ పాట మొదటినుంచి రికార్డు చేయడమో, ఆ భాగాన్ని వేరే ప్రాజెక్టుగా విడదీసుకోవడమో తప్పదు.

ఇరవైనాలుగూ పంచనడకలూ

ఇరవైనాలుగు అన్న అంకె ఎక్కడిది? అది 2, 3, 4, 6, 8, 12లతో శేషం లేకుండా భాగింపబడుతుంది. బీటును రెండుగానో మూడుగానో నాలుగుగానో విడగొట్టుకునే పాశ్చాత్య జనరంజక సంగీతానికి అది చాలు. మన నడకల విషయానికి వస్తే, చతురశ్రంలో ఒక్కొక్క మాత్రకు ఆరు స్పందనలు, తిశ్రంలో ఎనిమిది. ఈ రెండూ చక్కగా కుదురుతాయి. ఖండంలో మాత్రకు 4.8 స్పందనలు. మిశ్రంలో సుమారు 3.43. సంకీర్ణంలో 2.67. అంటే ఈ మూడు నడకల్లోనూ అక్షరం లోపలి మాత్రల్లో చాలాభాగం ఏ స్పందన మీదా పడవు. రెండు స్పందనల సందులో పడతాయి.

దీని ప్రభావం ఎంత? నిమిషానికి 75 అక్షరాల వేగంలో ఖండనడక తీసుకుందాం. అక్షరం తరవాత మాత్రలు 4.8, 9.6, 14.4, 19.2 స్పందనల దగ్గర రావాలి. వెంట నడిచే యంత్రం పాతకాలపుదై, స్పందన వచ్చినప్పుడు మాత్రమే కదిలేదైతే, వాటిని దగ్గరి స్పందనల మీదకు, అంటే 5, 10, 14, 19ల మీదకు సర్దుతుంది. మొదటి మాత్ర 6.7 మిల్లీసెకండ్లు ఆలస్యం, రెండవది 13.3 మిల్లీసెకండ్లు ఆలస్యం, మూడవది 13.3 మిల్లీసెకండ్లు ముందు, నాలుగవది 6.7 మిల్లీసెకండ్లు ముందు. సమానంగా ఉండవలసిన అయిదు మాత్రల్లో రెండవదానికీ మూడవదానికీ మధ్య ఎడం 26 మిల్లీసెకండ్లకు పైగా కుంచించుకుపోతుంది. మృదంగ విద్వాంసుడి చెవి దీన్ని క్షమించదు. మిశ్రనడకలో తప్పు గరిష్ఠంగా 14 మిల్లీసెకండ్ల పైచిలుకు.

ఈ దోషం మిడి సందేశాలది కాదు, వాటిని అందుకునే యంత్రం తీరుది. స్పందనల మధ్య కాలాన్ని తనలో తాను ఇంకా చిన్న భాగాలుగా విడగొట్టుకోగల యంత్రానికి ఈ ఇబ్బంది ఉండదు. నేటి రికార్డింగ్ సాఫ్ట్‌వేర్లలో బీటును 480గానో 960గానో విభజించుకోవడం సాధారణం. 960ని అయిదుతో భాగిస్తే శేషం లేదు. ఏడుతోనూ తొమ్మిదితోనూ భాగిస్తే శేషం ఉంటుంది కాని, ఆ తప్పు మిల్లీసెకండులో సగమైనా ఉండదు. అయిదు నడకలూ ఏ శేషమూ లేకుండా కుదరాలంటే కావలసిన అంకె 4, 3, 5, 7, 9ల కనిష్ఠ సామాన్య గుణిజం, అంటే 1,260. మిడి ఫైలు ప్రమాణం బీటును 32,767 భాగాల దాకా విడగొట్టడానికి అనుమతిస్తుంది కనక, అటువంటి ఫైలును తయారుచేయడానికి అడ్డేమీ లేదు. ఆచరణలో ఇంతకంటె సులభమైన దారి ఉంది. ఖండ, మిశ్ర, సంకీర్ణ నడకల్లో దెబ్బలను డ్రమ్ మెషీన్ లోపలి సీక్వెన్సర్‌కు వదలకుండా, వాటిని సాఫ్ట్‌వేర్‌లోనే రాసుకుని, ఒక్కొక్క దెబ్బనూ స్వరసందేశంగా బయటికి పంపాలి. అప్పుడు డ్రమ్ మెషీన్ తాళం లెక్కపెట్టనక్కరలేదు. చెప్పినప్పుడు పలికితే చాలు.

స్థానం: టైమ్‌కోడ్

సినిమాకో వీడియోకో సంగీతం చేసేటప్పుడు బీట్ల లెక్క పనికిరాదు. తలుపు మూసుకునే చప్పుడు ఫలానా బీటు మీద కాదు, బొమ్మ మొదలైన ఫలానా నిమిషం, సెకండు, ఫ్రేము దగ్గర రావాలి. ఇందుకోసం సినిమా, టెలివిజన్ రంగాల్లో వాడే సింప్టీ టైమ్‌కోడ్‌ను మిడి భాషలోకి మార్చారు. దానిని మిడి టైమ్‌కోడ్ అంటారు. గంట, నిమిషం, సెకండు, ఫ్రేము అన్న చిరునామాను ఎనిమిది ముక్కలు చేసి, ఒక ఫ్రేముకు నాలుగు ముక్కల చొప్పున పంపుతుంది. పూర్తి చిరునామా చేరడానికి రెండు ఫ్రేముల కాలం పడుతుంది. సెకండుకు 25 ఫ్రేముల లెక్కలో ఒక్కొక్క ముక్కకూ మధ్య ఎడం 10 మిల్లీసెకండ్లు.

మిడి క్లాక్‌కు వేగం తెలుసు, గడియారం తెలియదు. టైమ్‌కోడ్‌కు గడియారం తెలుసు, వేగం తెలియదు. అందువల్ల టైమ్‌కోడ్‌ను అనుసరించే రెండు యంత్రాల్లోనూ పాట వేగం ముందే విడివిడిగా నమోదై ఉండాలి. సెకండుకు ఎన్ని ఫ్రేములన్న విషయంలోనూ రెండూ ఏకీభవించాలి. సినిమాకు 24, భారతదేశంలోనూ ఐరోపాలోనూ టెలివిజన్‌కు 25, అమెరికాలో 29.97. హైదరాబాదులో తీసిన వీడియోకు న్యూజెర్సీలో సంగీతం చేసేవారు అన్నిటికంటె ముందు అడగవలసిన ప్రశ్న ఇదే.

మిడి మెషీన్ కంట్రోల్ అనే మరొక సందేశాల కుటుంబం కూడా ఉంది. వాయించు, ఆపు, రికార్డు చేయి, వెనక్కి తిప్పు వంటి ఆజ్ఞలను అది మోస్తుంది. బయటి మీటల పెట్టెతో సాఫ్ట్‌వేర్‌ను నడపడానికి అనువైనది. అయితే అది ఆజ్ఞలను మోస్తుందే గాని కాలాన్ని మోయదు. దానితో రెండు యంత్రాలను ఒకేసారి మొదలుపెట్టించవచ్చు, కలిపి నడిపించడం మాత్రం సాధ్యం కాదు.

గడియారం: మిడికి అందని సంగతి

డిజిటల్ రికార్డింగ్ అంటే సెకండుకు 44,100 సార్లో 48,000 సార్లో శబ్దాన్ని కొలవడం. ఆ కొలతలకు తాళం వేసేది ఆడియో ఇంటర్‌ఫేస్‌లోని క్వార్ట్జ్ స్ఫటికం. ఏ రెండు స్ఫటికాలూ సరిగ్గా ఒకే వేగంతో కంపించవు. రెండింటి మధ్య పదిలక్షలకు 50 వంతుల తేడా ఉందనుకుందాం. 48,000 కొలతల్లో అది సెకండుకు 2.4 కొలతలు. ఈ తేడా శ్రుతిలో ఎవరికీ వినిపించదు, ఎందుకంటే అది స్వరస్థానంలో వెయ్యోవంతు కన్నా తక్కువ. లయలో మాత్రం ఇది పోగుపడుతుంది. ఆరు నిమిషాల కృతి పూర్తయ్యేసరికి 18 మిల్లీసెకండ్లు, గంటసేపు సాగే రాగం-తానం-పల్లవి పూర్తయ్యేసరికి 180 మిల్లీసెకండ్లు.

పెద్ద స్టూడియోల్లో వర్డ్ క్లాక్ అనే విడి కేబుల్ ద్వారా ఒకే స్ఫటికం తాళాన్ని అన్ని డిజిటల్ పరికరాలకూ పంచుతారు. మిడి క్లాక్ ఈ పని చేయలేదు. సెకండుకు కొన్ని పదుల స్పందనలెక్కడ, 48,000 కొలతలెక్కడ?

దూరదేశాల్లో ఉండి కలిసి రికార్డు చేసేవారికి ఇక్కడ ఒక మెలిక ఉంది. డాలస్‌లో గాయని పాడిన ట్రాకును చెన్నైలోని మృదంగ విద్వాంసుడికి పంపామనుకుందాం. ఆయన దాన్ని వింటూ, విన్న ఇంటర్‌ఫేస్‌తోనే తన వాద్యాన్ని రికార్డు చేస్తే జారుడు రాదు. విన్నదీ రికార్డు చేసినదీ ఒకే స్ఫటికం లెక్కలో జరిగాయి కనక, ఆయన స్ఫటికం కొంచెం వేగమైనదైనా నెమ్మదైనదైనా, కొలతల సంఖ్య సరిపోతుంది. అదే ఆయన ఫోనులో పాట వింటూ మరొక రికార్డరు మీద మృదంగాన్ని రికార్డు చేస్తే, అప్పుడు రెండు స్ఫటికాలు ప్రవేశిస్తాయి. పాట చివరికొచ్చేసరికి ఎడం పెరుగుతుంది. తప్పనిసరై అలా చేయవలసి వస్తే, పాటకు ముందొకటి తరవాతొకటి చప్పట్లు గైడు ట్రాకులోనే పెట్టి, ఆ రెండింటినీ మైకు దగ్గర వినిపించి, వాటి మధ్య దూరాన్నిబట్టి ట్రాకును సాగదీయాలో కుదించాలో లెక్కగట్టవచ్చు.

ఆలస్యం వేరు, అస్థిరత వేరు

మూడు ప్రశ్నలూ తేలాక మిగిలేవి రెండు దోషాలు. ఒకటి ఎప్పుడూ ఒకే మోతాదులో ఉండే ఆలస్యం, అంటే లేటెన్సీ. రెండవది ఒకసారి ఎక్కువగానూ మరొకసారి తక్కువగానూ ఉండే ఆలస్యం. దీన్ని జిట్టర్ అంటారు. మొదటిది కొలిచి దిద్దుకోదగినది. రెండవదాన్ని దిద్దలేం, తగ్గించుకోవాలి.

ఆలస్యాన్ని చెవికి పరిచితమైన కొలతలో చెప్పుకుంటే భయం తగ్గుతుంది. గాలిలో శబ్దం మూడు మిల్లీసెకండ్లలో సుమారు ఒక మీటరు ప్రయాణిస్తుంది. కచేరీ వేదిక మీద గాయకుడికి మూడు మీటర్ల దూరంలో కూర్చున్న ఘటం విద్వాంసుడి దెబ్బ తొమ్మిది మిల్లీసెకండ్ల తరవాత గానీ గాయకుడికి చేరదు. అయినా కచేరీలు జరుగుతూనే ఉన్నాయి. సంగీతకారులు స్థిరమైన ఆలస్యానికి అలవాటు పడగలరు. అస్థిరతకు అలవాటు పడలేరు.

అస్థిరత చేసే హాని క్లాక్‌ను అనుసరించే యంత్రంలో స్పష్టంగా కనిపిస్తుంది. 120 వేగంలో స్పందన 20.83 మిల్లీసెకండ్లకు రావాలి. ఒక్క మిల్లీసెకండు అటూ ఇటూ అయితే, ఆ ఒక్క వ్యవధినిబట్టి లెక్కగట్టిన వేగం 114.5కూ 126కూ మధ్య ఊగుతుంది. అందుకే అనుసరించే యంత్రాలు అనేక స్పందనల సగటు తీసుకుంటాయి. ఎక్కువ స్పందనల సగటు తీసుకుంటే నడక నిలకడగా ఉంటుంది కాని, వేగం నిజంగా మారినప్పుడు ఆలస్యంగా గ్రహిస్తుంది. తక్కువ తీసుకుంటే వెంటనే గ్రహిస్తుంది కాని, ప్రతి చిన్న కదలికకూ తొట్రుపడుతుంది. ఈ రెంటిమధ్యా రాజీ తప్ప మరొక మార్గం లేదు. సాఫ్ట్‌వేర్‌ను అనుచరుడిగా ఉంచితే ఈ తొట్రుపాటు రికార్డయిన శబ్దాన్ని సాగదీయడం, కుదించడం దాకా వెళ్తుంది. కొన్ని సాఫ్ట్‌వేర్లు క్లాక్‌ను పంపగలవే గాని అనుసరించలేకపోవడానికి ఇదీ ఒక కారణం.

కంప్యూటర్ శబ్దాన్ని గుత్తులు గుత్తులుగా లెక్కగడుతుంది. 48,000 కొలతల్లో 256 కొలతల గుత్తి 5.3 మిల్లీసెకండ్లు. మిడి సందేశాలను గుత్తి సరిహద్దుల దగ్గరే పంపే సాఫ్ట్‌వేర్‌లో అస్థిరత అంత దాకా ఉండవచ్చు. గుత్తి పరిమాణం తగ్గిస్తే ఇదీ తగ్గుతుంది. ఇంకా కచ్చితత్వం కావాలంటే, స్పందనలను ఆడియో ఛానల్లో శబ్దంగా పంపి, బయట మిడి క్లాక్‌గా మార్చే పరికరాలు ఉన్నాయి. శబ్దం కొలతల లెక్కలోనే ప్రయాణిస్తుంది కనక, దానికి గుత్తుల బెడద ఉండదు.

అమర్చుకునే వరస

ఇంతవరకూ చెప్పుకున్నదాన్ని ఆచరణలో పెట్టే వరస ఇది. మొదట సాఫ్ట్‌వేర్‌ను ముందు నడిచేదిగా, బయటి వాద్యాలను వెంట నడిచేవిగా నిర్ణయించాలి. పరికరాల మెనూల్లో ఇది మాస్టర్, స్లేవ్ అనీ, ఇంటర్నల్, ఎక్స్‌టర్నల్ అనీ కనిపిస్తుంది. ముందు నడిచేది ఒక్కటే ఉండాలి. ఒకే వాద్యానికి యూఎస్‌బీ ద్వారానూ గుండ్రని మిడి కేబుల్ ద్వారానూ రెండు క్లాకులు చేరితే అది రెట్టింపు వేగంతో పరుగెత్తడమో తడబడటమో జరుగుతుంది. క్లాక్‌ను అవసరమైన పోర్టుకే పంపి, మిగతావాటికి ఆపాలి. కీబోర్డు సింథసైజరైతే లోకల్ కంట్రోల్‌ను ఆపివేయాలి. లేకపోతే నొక్కిన స్వరం ఒకసారి నేరుగానూ, సాఫ్ట్‌వేర్ చుట్టి వచ్చి మరోసారీ పలుకుతుంది.

తరవాత స్థిరమైన ఆలస్యాన్ని కొలవాలి. సాఫ్ట్‌వేర్‌లో ప్రతి అక్షరం మీదా ఒక్కొక్క స్వరసందేశం రాసి, డ్రమ్ మెషీన్‌ను పలికించి, ఆ శబ్దాన్ని తిరిగి రికార్డు చేయాలి. తెర మీద బాగా పెద్దదిగా చేసి చూస్తే, రాసిన చోటుకూ శబ్దం మొదలైన చోటుకూ మధ్య ఎడం కనపడుతుంది. 32 అక్షరాలను కొలిచి సగటు తీస్తే అది లేటెన్సీ. వాటిలో అతి పెద్దదానికీ అతి చిన్నదానికీ తేడా జిట్టర్. సగటును సాఫ్ట్‌వేర్‌లోని పరిహారపు గడిలో నమోదు చేస్తే దెబ్బలు తమ స్థానాలకు వస్తాయి. ఆపైన డ్రమ్ మెషీన్ సొంత సీక్వెన్సర్‌ను క్లాక్ మీద నడిపించి ఇదే పరీక్షను మళ్ళీ చేయాలి, ఎందుకంటే రెండు దారుల ఆలస్యాలూ ఒకటిగా ఉండవు. గుత్తి పరిమాణం మార్చినప్పుడల్లా ఈ కొలత కూడా మారుతుంది.

చివరగా, డ్రమ్ మెషీన్ వాయించినదాన్ని వీలైనంత త్వరగా శబ్దంగా రికార్డు చేసుకోవడం మంచిది. ఒకసారి శబ్దంగా మారాక అది కంప్యూటర్ స్ఫటికం లెక్కలోకి వస్తుంది, మళ్ళీ జారదు.

తాళం వేయవలసినది ఎవరు?

సాఫ్ట్‌వేర్ ముందు నడవాలన్నది యంత్రాల మధ్య నిర్ణయం. సంగీతకారుడు కూడా దాన్ని అనుసరించాలా అన్నది వేరే ప్రశ్న. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ తెరవగానే ఒక స్థిరమైన వేగం, సమానమైన గళ్ళు సిద్ధంగా ఉంటాయి. ఆ గళ్ళకు టిక్ టిక్ మనే క్లిక్ తోడు. చాలామంది అది వింటూ పాడటమే రికార్డింగ్ అనుకుంటారు. క్లిక్ సాధనలో గొప్ప సహాయకారి అన్నదాంట్లో సందేహం లేదు. కాని కర్ణాటక సంగీతంలో కాలప్రమాణం అంటే స్ఫటికపు నిశ్చలత్వం కాదు. ఎంచుకున్న వేగాన్ని నిలుపుకుంటూనే, అనుపల్లవి నుంచి చరణానికి వెళ్ళేటప్పుడూ, స్వరకల్పన చివర కోరవై పడేటప్పుడూ ఒక విద్వాంసుల బృందం కలిసి తీసుకునే సూక్ష్మమైన ఊపిరి అందులో భాగం. పాడేవారి తాళం, మృదంగం ఒకదాన్నొకటి వింటూ ఆ వేగాన్ని నిర్ణయిస్తాయి. క్లిక్ ఎవరినీ వినదు.

ఈ విషయంలో యంత్రాలతో రాజీ పడనక్కరలేదు. మిడి క్లాక్‌లో వేగపు అంకె లేకపోవడం ఇక్కడ లోపం కాదు, సౌకర్యం. స్పందనల మధ్య వ్యవధిని మారుస్తూ పోతే వెంట నడిచే యంత్రాలు దానినే అనుసరిస్తాయి. కనక మొదట గాత్రమూ మృదంగమూ క్లిక్ లేకుండా రికార్డు చేయాలి. తరవాత ఆ రికార్డింగులో ప్రతి ఆవర్తనపు సమాన్నీ గుర్తించి, దానినిబట్టి సాఫ్ట్‌వేర్‌లో టెంపో పటాన్ని తయారుచేయాలి. ఆదితాళంలో ఒక ఆవర్తనం 6.40 సెకండ్లు పడితే వేగం 75, తరవాతది 6.32 అయితే 75.9, ఆపైది 6.25 అయితే 76.8. ఈ పటాన్ని అనుసరించి సాఫ్ట్‌వేర్ పంపే క్లాక్ మీద సింథసైజర్ అర్పెజియో అయినా, డిలే ప్రతిధ్వని అయినా, డ్రమ్ మెషీన్ అయినా గాయకుడి ఊపిరితో పాటే నడుస్తుంది.

ఇందులో ఒక జాగ్రత్త ఉంది. ప్రతి అక్షరానికీ ఒక్కొక్క వేగాన్ని గుర్తిస్తే, సగటు తీసుకునే యంత్రాలు ఆ మార్పులను అందుకోలేక ఎప్పుడూ ఒక అడుగు వెనకబడతాయి. ఆవర్తనానికొక గుర్తు సాధారణంగా చాలు. వేగం గట్టిగా మారే చోట అర ఆవర్తనానికొకటి పెట్టి, మార్పును వాలుగా చేయాలి. మిశ్రచాపు, ఖండచాపుల వంటి చిన్న ఆవర్తనాలకు రెండు మూడు ఆవర్తనాలకొక గుర్తు పెట్టినా నష్టం లేదు.

కొత్త సాంకేతికత కొన్ని కష్టాలను తీరుస్తోంది. ఏబుల్టన్ సంస్థ రూపొందించిన లింక్ పద్ధతిలో, ఒకే నెట్‌వర్క్‌లో ఉన్న యంత్రాలు నాయకుడు లేకుండా వేగాన్నీ బీటు స్థానాన్నీ తమలో తాము పంచుకుంటాయి. 2020లో వెలువడిన మిడి 2.0 ప్రమాణం సందేశాలకు కాలముద్ర వేసే వీలు కల్పించింది. ఆ ముద్ర కొలమానం సెకండులో 31,250వ వంతు కావడం విశేషం. 1983 నాటి కేబుల్ వేగం కొత్త ప్రమాణంలో కాలపు కొలతగా మిగిలింది. సందేశం దారిలో ఆలస్యమైనా ఎప్పుడు పలకాలో దానికి తెలిసి ఉంటుంది కనక అస్థిరత తగ్గుతుంది. కాని ఈ ప్రమాణాలేవీ ఒక కృతిని ఏ కాలప్రమాణంలో ఎత్తుకోవాలో, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో చెప్పవు. రికార్డు మీట నొక్కే ముందు ఆ నిర్ణయం గాయకుడిదో మృదంగ విద్వాంసుడిదో కావాలి. వారి తాళాన్ని యంత్రాల దాకా చేర్చడమే మిడి చేయవలసిన పని.